పెద్దవాడు లేచేదాకా

జవోల్స్క్ ఒపెరా థియేటరు నుంచి ఫోను వచ్చేసరికి కపితోలినా యెగోరొవ్నా వంటింట్లో కాబేజీ తరుగుతోంది. ఊరి పేరు చెవిన పడగానే కత్తి పక్కన పెట్టేసింది. ఆ ఊరి మాట వింటున్నప్పుడు చేతిలో కత్తి లేకపోవడమే మంచిదని ఆమెకి తెలుసు.

"నేను ఇనెస్సా తీహొనొవ్నాని, థియేటరు డైరెక్టర్ని. మీకు నేను తెలీదు లెండి. మీ నంబరు మా మేకప్ ఫాయినా ఇచ్చింది. 'పడవవాడి కూతురు' మళ్ళీ వెయ్యాలనుకుంటున్నాం. గ్లెబ్ అనీసిమొవిచ్ గారికి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి కదా! ఆయన చేసిన వాటిలో అంత గొప్పది ఇంకొకటి లేదాయె."

"ఎవరు చేసిన వాటిలో?"

"గ్లెబ్ అనీసిమొవిచ్ గారు."

"ఓహో."

"ఆ రోజుల్లో మీరు ఆయన దగ్గర సహాయకురాలిగా ఉండేవారట. ఎవరెక్కడ నిలబడాలో, ఎటు నడవాలో గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఒక్కరూ మిగల్లేదండీ. ఆయన్ని అడిగితే, ఆ చిల్లర సంగతులన్నీ సహాయకులకే తెలుస్తాయి, నేను ఊహ ఇచ్చేవాణ్ణి అన్నారు."

కపితోలినా పొయ్యి కట్టేసిందో లేదో మరొకసారి చూసుకుంది. కట్టేసే ఉంది.

"పోస్టరు మీద నా పేరు వేస్తారా?"

"అయ్యో, తప్పకుండా! అడుగున వేస్తాం. పునరుద్ధరణలో సహాయం అని."

"వస్తాను," అంది కపితోలినా. డెబ్బై దాటిన మనిషి, వీధి చివరి కొట్టుకు వెళ్ళాలన్నా తలుపు తాళం పడిందో లేదోనని వెనక్కి వచ్చి చూసుకునే మనిషి, దేశానికి ఆ చివర నుంచి ఈ చివరికి వస్తానని అలా ఒక్క మాటలో అనేసింది. ఫోను పెట్టేశాక స్టూలు లాక్కుని కూర్చుంది. భయం వల్ల కాదు. ముప్పై ఏళ్ళు దాటి కడుపులో దాచుకున్న మంటకి ఇన్నాళ్ళకి గాలి తగిలింది.

నిజం చెప్పాలంటే, ఆ ఒపెరాలో ఒక్క అడుగు కూడా గ్లెబ్ వేయించింది కాదు.

లెనిన్‌గ్రాడ్‌లో దర్శకత్వం చదువుకుని ఆమె జవోల్స్క్ వచ్చిన రోజుల్లో, ఆడమనిషి స్టేజి మీద నిలబడి ఇది ఇటు పెట్టండి, అది అటు జరపండి అంటే సెట్టు మోసేవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. గ్లెబ్ అక్కడ ప్రధాన దర్శకుడు. ఏడాది తిరక్కుండా ఆమెకి భర్త కూడా అయ్యాడు, కాపా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ ఊరి సంగీతకర్త ఎవరో రాసిన 'పడవవాడి కూతురు' తన స్థాయికి తగదని పెళ్ళానికి వదిలేశాడు. వోల్గా ఒడ్డున ఒక రేవు, ఆ రేవు నడిపే ముసలాయన, పడవ నడిపే ఆయన కొడుకు, కోడలు, దూరదేశానికి పెళ్ళై వెళ్ళిపోతున్న వాళ్ళ కూతురు. కథంటే అంతే.

చివరి సీనులో సంగీతకర్త పెద్ద గోలగా వీడ్కోలు పాట పెట్టాడు. కపితోలినా ఆ పాటకి ముందు అంతా ఆపించింది. ఆ దేశంలో ఏ ఇంట్లోనైనా చేసేదే కదా: పెట్టె సర్దడం అయిపోయాక, తలుపు తీసే ముందు, ప్రయాణమయ్యేవాళ్ళూ సాగనంపేవాళ్ళూ అందరూ ఎక్కడ వాళ్ళు అక్కడ కూర్చుంటారు. మాట్లాడరు. ఇంటికి పెద్దవాళ్ళు లేస్తే అప్పుడు మిగతావాళ్ళు లేస్తారు. అలా కూర్చోకుండా బయల్దేరితే దారి మంచిది కాదంటారు. ఆమె స్టేజి మీద ఉన్న డెబ్బై మందినీ అలాగే కూర్చోబెట్టింది, మూటల మీద, మెట్ల మీద, తలకిందులు చేసిన పడవ మీద. వాద్యాలు ఆగిపోయాయి. ఒపెరాలో ఎవరూ పాడని, ఏదీ మోగని క్షణం అది.

తాత వేషానికి కోరస్‌లోని ప్రొఖోర్ అనే ముసలి గాయకుణ్ణి పెట్టి ఇలా చెప్పింది: "ప్రొఖోర్ బాబాయ్, నీకెవరూ సైగ చెయ్యరు. మనవరాలు వెళ్ళిపోతోంది. ఇంక లేవక తప్పదని నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు లే. క్లారినెట్ నిన్ను చూసి మొదలవుతుంది గాని, క్లారినెట్‌ని చూసి నువ్వు లేవకూడదు."

రిహార్సల్స్‌లో ప్రొఖోర్ కొన్ని రోజులు తొందరగా లేచేవాడు. కూతురు దగ్గర్నుంచి కబురు లేని వారాల్లో చాలాసేపటికి గాని లేచేవాడు కాదు. అప్పుడు హాల్లో చూస్తున్న థియేటరువాళ్ళు ముక్కులు ఎగబీల్చడం వినిపించేది.

మొదటి ఆటకు ముందు నగర కమిటీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి చూశారు. "ఏమిటిది, శవం దగ్గర కూర్చున్నట్టు? జనం ఉత్సాహంగా సాగనంపాలి," అన్నారు. సమావేశం పెట్టారు. భర్త లేచి మాట్లాడతాడని కపితోలినా ఎదురు చూసింది. లేచాడు. "అనుభవం లేని మనిషి. నేను సరిచూసుకోవలసింది, నాదే పొరపాటు," అన్నాడు. దాంతో ఆయన పదవి నిలిచింది. ఆమెని ఆమూర్ నది దగ్గర, రైలు వారం రోజులు పోతే గాని రాని ఊళ్ళో హాస్య సంగీత నాటకాలు ఆడే చిన్న థియేటరుకి మార్చారు.

బయల్దేరే ఉదయం ఆమె నడవలో సూట్‌కేసు మీద కూర్చుంది. గ్లెబ్ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"కూర్చో గ్లెబ్."

"ఆలస్యమవుతోంది కాపా. రిహార్సల్ ఉంది."

కూర్చోలేదు. అంతటితో సరి.

ఆ శీతాకాలం ఆమూర్ ఒడ్డు బజారులో ఉప్పుచేప కొంటే అమ్మినామె పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. ఇంటికి వెళ్ళి విప్పితే, చేపనూనె మరకల మధ్య బొమ్మ: మూటల మీద, మెట్ల మీద, బోర్లించిన పడవ మీద కూర్చున్న జనం. ఆ సీను తీసెయ్యనే లేదన్నమాట. మాస్కో నుంచి వచ్చినవాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని చూసి ముగ్ధులయ్యారట. దర్శకుడు గ్లెబ్ అనీసిమొవిచ్ అట. తర్వాత ఆయనకు బిరుదులొచ్చాయి. శిష్యులొచ్చారు. ఆమెకు విడాకుల కాగితం వచ్చింది.

ఆమె మాత్రం పని మానలేదు. ఆమూర్ దగ్గర నుంచి గనుల ఊరికి, అక్కడ నుంచి రేవు కార్మికుల క్లబ్బుకి తిరిగింది. గొంతు ఉన్నవాళ్ళకి నటన రాక, నటన వచ్చినవాళ్ళకి గొంతు లేక, ఇద్దరినీ కలిపి ఒపెరాలు ఆడించింది. కొత్త సంవత్సరానికి పిల్లల కోసం మంచు తాత నాటకాలు వేయించింది. ఊరు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోకుండా గడప దాటలేదు. ఇంటివాళ్ళామెతో కూర్చుంది, కుట్టుపని మనిషితో కూర్చుంది. ఒకసారి ఎవరూ దొరక్క పిల్లి పక్కన కూర్చుంది. ఆ పిల్లి తనకంటే ముందు లేచిందని దారి పొడుగునా బెంగపడింది.

ఇప్పుడు ఆమెకు కావలసింది పోస్టరు మీద అడుగున పేరు కాదు. ఆ సీను ఎవరిదో ఆ హాలుకి తెలియాలి. తను చెప్పి కాదు, గ్లెబ్ నోటితోనే తెలియాలి.

ఫాయినా స్టేషనుకి వచ్చింది. ఆ థియేటర్లో నలభై ఏళ్ళుగా అందరి ముఖాలూ దిద్దిన చేతులు ఆమెవి. "ఒసేయ్ కాపా! ఇలా ఎండిపోయావేమే? మేకప్ లేకుండానే మంత్రగత్తె వేషం కట్టొచ్చు," అంటూ వాటేసుకుని ఏడ్చింది.

"నువ్వు మాత్రం ఇద్దరికి సరిపడా ఉన్నావులే. వాడెలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు? జుట్టుకి నల్లరంగు వేస్తాడు. నేనే వేస్తాను, ఖర్మ! ఆ నిశ్శబ్దం మీద ఇప్పటికీ ఉపన్యాసాలు దంచుతున్నాడు. సరిగ్గా ఏడు సెకన్లట, మెదడులో లెక్క కట్టాడట. విని విని చెవులు చిల్లులు పడ్డాయనుకో. కాపా, ఒక పని చెయ్యి. పుట్టినరోజుకి ఆరు కార్నేషన్లు పట్టుకెళ్ళి చేతిలో పెట్టు."

సరి సంఖ్య పూలు సమాధికి తీసుకెళ్ళేవి. కపితోలినా నవ్వలేదు.

"అంత చవగ్గా వదలను," అంది.

మర్నాడు డైరెక్టరు ఇనెస్సా గదిలో టీ తాగుతూ, చక్కెర బిళ్ళ బుగ్గన పెట్టుకుని, ఏదో ఇప్పుడే తోచినట్టుగా అంది: "తాత వేషానికి పాటా లేదు, మాటా లేదు. వచ్చి కూర్చోవడం, లేవడం, అంతే. ఆ ఒక్క రోజుకి గ్లెబ్ అనీసిమొవిచ్ గారే వేస్తే ఎలా ఉంటుందంటారు? తన సీనులో తనే. జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు."

ఇనెస్సా ముఖం వెలిగిపోయింది. "మీ మనసెంత మంచిదండీ! చాలామంది అన్నారు, మీ ఇద్దరికీ పడదని."

"ఎవరి మాటలో పట్టుకుంటారేమిటి? పాత సంగతులు," అంది కపితోలినా, రెండో చక్కెర బిళ్ళ అందుకుంటూ.

గ్లెబ్ ఎగిరి గంతేశాడని కబురొచ్చింది. రిహార్సల్‌కు మాత్రం రానన్నాడు. తను చేసిన దాన్ని తను మళ్ళీ సాధన చెయ్యడమేమిటి? గడ్డం పెట్టుకుని నేరుగా ఆట రోజునే వస్తాడట. అలాగే అంటాడని కపితోలినాకు తెలుసు. ఆయనతో కాపురం చేసింది మరి.

రిహార్సల్‌లో తాత స్థానంలో ఫాయినాని కూర్చోబెట్టారు. కోరస్ అంతా కుర్రకారు, చేతుల్లో ఫోన్లు, నోళ్ళలో చూయింగ్ గమ్. మొదటి రోజు ఆమె ఏం చెప్పినా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో రోజు అందరినీ కూర్చోబెట్టి అడిగింది: "ఆఖరిసారి మీరు ఎవర్ని సాగనంపారు? నాకు చెప్పక్కర్లేదు. మీ పక్కన వాళ్ళనే కూర్చోబెట్టుకోండి." ఆ తర్వాత ఎవరూ గమ్ నమల్లేదు.

కర్ర ఊపుతూ ఆర్కెస్ట్రా నడిపేది మారట్ అనే యువకుడు, కజాన్ నుంచి వచ్చినవాడు. లెక్క లేనిదే ఏదీ ఒప్పుకోడు.

"ఎంతసేపు ఆపాలి, కపితోలినా యెగోరొవ్నా? కాగితాల మీద ఏమీ రాసి లేదు."

"తాత లేచేదాకా."

"క్లారినెట్ ముందా, తాత ముందా?"

"తాత లేచాకే క్లారినెట్. ఆయన లేవకపోతే నువ్వు కర్ర దించకు. మీలో ఎవరూ కదలకండి. దగ్గొచ్చినా సరే, ఇల్లు కూలినా సరే."

"మరీ ఆలస్యమైతే?"

"మీ ఇంట్లో మీ తాత లేవకముందు నువ్వు లేస్తావా?"

"లేస్తే చెవి మెలిపెట్టేవాడు," అని నవ్వాడు మారట్. కాస్త ఆగి, "ఈ సంగతి గ్లెబ్ అనీసిమొవిచ్‌కి చెప్పారుగా?" అన్నాడు.

"ఆయన చేసిన సీనే కదయ్యా! ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

కుర్చీలో తాతలా కూర్చున్న ఫాయినా తల తిప్పి ఆమెవైపు చూసింది. రిహార్సల్ అవగానే మేకప్ గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"వాడికి తెలీదు కదూ?"

"పక్కన బాక్సు సీట్లో కూర్చుని చూసినవాడికి ఎలా తెలుస్తుంది? క్లారినెట్ మోగింది, ప్రొఖోర్ లేచాడు. అంతవరకే కనిపిస్తుంది. ఏది ముందో చేసినవాళ్ళకే తెలుసు."

"అమ్మ నీ కడుపు బంగారం గానూ! హాలు నిండా జనం, టీవీ వాళ్ళు... ముసలాడే కాపా. గుండాగిపోతే?"

ఆ మాట కపితోలినాని వదల్లేదు. రాత్రుళ్ళు పక్కింట్లో ఎవరైనా దగ్గితేనే లేచి కూర్చునే స్వభావం ఆమెది. ఆ సాయంత్రం కోటు తొడుక్కుని గ్లెబ్ ఇంటికి బయల్దేరింది. ఒక్క అవకాశం ఇద్దామనుకుంది. ఒకే ఒక్కటి.

అదే ఇల్లు. అదే నడవ. సూట్‌కేసు పెట్టుకుని కూర్చున్న చోట ఇప్పుడు బూట్ల బీరువా ఉంది.

గ్లెబ్ సిల్కు గౌనులో వచ్చి టీ పోశాడు, చెర్రీ జాము పెట్టాడు. ముసలివాడయ్యాడు. చెయ్యి వణుకుతోంది, గొంతులో దర్పం మాత్రం వణకడం లేదు.

"బాగా చేయిస్తున్నావట కాపా. విన్నాను. నువ్వు మొదట్నుంచీ పనిమంతురాలివే."

"గ్లెబ్ అనీసిమొవిచ్, ఒక్క రిహార్సల్‌కి రండి. చివరి సీనుకి."

"రండి ఏమిటి, అనీసిమొవిచ్ ఏమిటి మన మధ్య!" అని నవ్వాడు. "ఎందుకు రావాలి?"

"లేవడం ఎప్పుడో చూసుకోవాలి కదా."

"క్లారినెట్ మోగగానే లేవడం. దానికి రిహార్సలా? ఏడు సెకన్లు నా నరాల్లో ఉన్నాయే! నా సీను నాకే నేర్పుతావా? నీకు మొదట్నుంచీ ఇదే జబ్బు కాపా. చిన్నచిన్నవి పట్టుకుని వేలాడతావు."

ఆమె జాము చెంచాని సాసరులో పెట్టింది. చెప్పేద్దామా అనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కాని దానికి ముందు ఇంకో ప్రశ్న బయటపడింది, ఆమె ప్రమేయం లేకుండానే.

"ఆవేళ ఎందుకు కూర్చోలేదు?"

"ఏవేళ?"

"నేను వెళ్ళిపోయిన రోజున. అదుగో, ఆ నడవలో."

గ్లెబ్ నుదురు ముడిచి నిజంగానే వెతుక్కున్నాడు. నటించడం లేదు. వెతికి వెతికి తల ఆడించాడు. "నేను స్టేషనుకి వచ్చానేమో అనుకుంటున్నానే? రాలేదా? ఏమో, గుర్తు లేదు. జాము వేసుకో, మా కోడలు చేసింది."

కపితోలినా లేచి కోటు తొడుక్కుంది. చెప్పవలసిన మాటని మింగేసింది. అది గొంతులో ఎక్కడా అడ్డుపడలేదు, సాఫీగా దిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. మంచు కురుస్తున్నా హాలు కిటకిటలాడింది. ముందు వరసల్లో నగర పెద్దలు, మాస్కో నుంచి దిగిన విమర్శకులు, గ్లెబ్ శిష్యులు, వాళ్ళ శిష్యులు. ఆ హాలు మాటల్ని ఎంత బాగా మోస్తుందంటే, ఒకప్పుడు ప్రేమ సన్నివేశంలో హీరో "వెల్లుల్లి తిన్నావా" అని హీరోయిన్ చెవిలో గొణిగితే గ్యాలరీ చివరి వరస పగలబడి నవ్వింది. అందుకే అక్కడ పాడేవాళ్ళు స్టేజి మీద గుసగుసలు కూడా పెట్టుకోరు.

కపితోలినా ఎడమవైపు తెర పక్కన నిలబడింది. ఎవరికి జ్వరమొస్తుందో, ఏ దీపం ఆరిపోతుందోనని ఎప్పటిలాగే ప్రతి క్షణం హడలిపోయింది. ఏదీ ఆరిపోలేదు.

చివరి సీను వచ్చింది. తెల్లటి గడ్డంతో, చేతికర్రతో గ్లెబ్ స్టేజి మీదికి రాగానే హాలు లేచి చప్పట్లు కొట్టింది. ఆయన వేషం మరిచిపోయి తల వంచి అందుకున్నాడు. బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. మనవరాలు వేషం వేసిన ఉస్తీన్యా తన మూట మీద కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నిశ్శబ్దం.

మొదట హాలు కూడా ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో ఒకావిడ రుమాలు తీసింది. గ్లెబ్ తల కొద్దిగా వాల్చి, అందంగా, బొమ్మకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆయన ఏడు సెకన్లు అయిపోయాయి. క్లారినెట్ మోగలేదు.

మారట్ కర్ర గాలిలో నిలిచి ఉంది. క్లారినెట్ వాయించేవాడు పెదాలకి వాద్యం ఆనించుకుని ఉన్నాడు. ఇద్దరూ తాతనే చూస్తున్నారు. తాత వాళ్ళని చూస్తున్నాడు.

ఎవరో దగ్గారు. మరెవరో దగ్గారు. గ్లెబ్ కనుబొమలు మారట్ వైపు ఎగరేశాడు, కానియ్యి అన్నట్టు. మారట్ కనుబొమలు పైకి లేచాయి, తమరే కానివ్వండి అన్నట్టు. డెబ్బై మంది కోరస్‌లో ఒక్కరి వేలు కూడా కదల్లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు పిల్లలు. కాగితాలు గలగలమన్నాయి. గ్యాలరీలో ఎవరో "ఏమైంది?" అన్నారు.

అతికించిన గడ్డం పైన గ్లెబ్ ముఖం చెమట పట్టింది. ఫాయినా వేసిన రంగు కణతల దగ్గర చారలుగా కారింది.

కూర్చో గ్లెబ్, అనుకుంది కపితోలినా తెర పక్కన. ఇప్పుడు కూర్చో. తొందరేముంది? రిహార్సల్ లేదుగా. ఆమెకి స్టేజి కనిపించడం లేదు, నడవ కనిపిస్తోంది. సూట్‌కేసు మూత చల్లదనం, గడియ మీద ఆయన చెయ్యి, తలుపు సందులోంచి వస్తున్న మెట్ల దారి గాలి. ఇన్నేళ్ళూ ఆమె ఒక్కతే కూర్చుని ఉంది అక్కడ. ఇప్పుడు ఎదురుగా ఆయన కూడా కూర్చున్నాడు. లేవలేకుండా కూర్చున్నాడు.

గ్లెబ్ తల మెల్లగా ఎడమవైపు తిరిగింది. ఆమెని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, సైగ చెయ్యలేదు. ఆయన పెదాలు గడ్డంలో కదిలాయి. గుసగుసగానే అన్నాడు.

"కాపా... ఇప్పుడేం చెయ్యాలి?"

గుసగుస గ్యాలరీ చివరి వరసదాకా వెళ్ళింది.

హాలంతా ఒక్కసారి కదిలినట్టయింది. పైన ఎవరో నవ్వారు. ఒకే ఒక్క నవ్వు, ఆపుకోలేక వచ్చి మధ్యలో తెగిపోయింది. ముందు వరసలో విమర్శకులు ఒకరి వైపు ఒకరు వాలారు. ఏడు సెకన్ల ఉపన్యాసాలు విన్న శిష్యులు బూట్ల వైపు చూసుకున్నారు. కపితోలినా వెంటనే జవాబివ్వలేదు. ఆ మాట మూలమూలలకీ వెళ్ళి, గోడలకి తగిలి, ఇంకిపోయేదాకా ఆగింది. అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు. ఆ హాల్లో పెంచక్కర్లేదు.

"నువ్వే లేవాలి గ్లెబ్. పెద్దవాడు లేస్తే గాని ఎవరూ లేవరు. నేను ఈ సీను అలాగే చేశాను."

గ్లెబ్ చేతికర్ర ఆనించి లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు. ఉస్తీన్యా చెయ్యి ముందుకు రాబోయి ఆగిపోయింది. రెండోసారికి లేచాడు. లేవగానే క్లారినెట్ మొదలైంది. అంత అందంగా ఆ క్లారినెట్ ఎప్పుడూ మోగలేదని ఫాయినా తర్వాత చాలామందికి చెప్పింది.

తెర పడి మళ్ళీ లేచింది. గాయకులు వెళ్ళి దర్శకుణ్ణి చెయ్యి పట్టి తెచ్చి జనానికి చూపించడం ఆనవాయితీ. ఉస్తీన్యా చెయ్యి చాచుకుంటూ నడిచింది. గ్లెబ్ అలవాటుగా తన చెయ్యి అందించాడు. ఆ పిల్ల ఆయన్ని దాటి తెర పక్కకి వచ్చి కపితోలినా వేళ్ళు పట్టుకుంది. ఆమె నల్ల ఉన్ని గౌనులో, చలికి తొడిగిన మందపాటి మేజోళ్ళతో స్టేజి మీదికి వెళ్ళి ఒక్కసారి తల వంచింది. చప్పట్లు వాన కురిసినట్టు కురిశాయి. కసి తీరిందా అని తనను తను అడిగి చూసుకుంది. తీరింది. ఎక్కడో కొంచెం మిగిలింది.

సాయంత్రం రైలు. పుట్టినరోజు విందుకి ఉండనని ఫాయినాకి ముందే చెప్పింది. ఫాయినా టాక్సీ చూడ్డానికి బయటికి వెళ్ళింది. వెనుక ద్వారం దగ్గర, దుస్తుల పెట్టెల పక్కన కపితోలినా కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే అడుగుల చప్పుడైంది.

గ్లెబ్ తాత వేషంలోనే ఉన్నాడు. గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఒక పెట్టె మీద కూలబడ్డాడు.

"అందరి ముందూ, కాపా."

"అవును. నన్ను పంపించిందీ అందరి ముందే."

"గుర్తొచ్చింది. అక్కడ కూర్చుంటే గుర్తొచ్చింది. గోధుమరంగు సూట్‌కేసు. దాని మీద కూర్చున్నావు. నేను..." గడ్డం పీకేసి చేతిలో పట్టుకున్నాడు. "ఆవేళ రిహార్సల్ లేదు. కూర్చుంటే మళ్ళీ లేచి నిన్ను పంపించలేనని భయమేసింది."

ఆమె కోటు ఆఖరి బొత్తాం పెట్టుకుంది.

"కూర్చో కాపా. దూరం పోతున్నావు. ఒక్క క్షణం. ఇటు చూడు, నేను కూర్చున్నాను."

పక్క పెట్టె ఖాళీగా ఉంది. కపితోలినా మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి. జీవితంలో ఎన్ని ఊళ్ళు వదిలినా కూర్చోకుండా వదల్లేదు ఆమె. కూర్చోకుండా వెళ్తే ఆ దారిలో ఏమవుతుందో, రైలు ఏమవుతుందో, అక్కడ తాళం వేసిన ఇల్లు ఏమవుతుందో. ఆ భయాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. వాటన్నిటినీ మోస్తూనే నిటారుగా నిలబడింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"ఆలస్యమవుతోంది గ్లెబ్. రైలుంది."

గడియ తీసి బయటికి వచ్చేసింది.

రైలుకి ఇంకా చాలా వ్యవధి ఉంది. ఫాయినాని తిప్పి పంపేసి ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసు పట్టుకుని నిలబడింది. పక్కనే బెంచీ, దాని మీద ఎవరూ ముట్టుకోని మంచు. కాళ్ళు పీకుతున్నాయి. పళ్ళు తోమే బ్రష్షు మర్చిపోయానేమో అనుకుంది. ఆయన ఇంకా ఆ పెట్టె మీదే ఉన్నాడేమో అనుకుంది. పెద్దవాడు ఆయనే కాబట్టి లెమ్మని చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు.

దూరంగా రైలు దీపం కనిపించేదాకా ఆమె ఆ బెంచీ వైపు చూడనైనా చూడలేదు.